పాత కారు రంగు సంరక్షణ

పాత కారు రంగు సంరక్షణ అనగా చాలా ఏళ్ళ క్రితం తయారైన కారు పైరంగు వెలిసిపోకుండా, దాని కింది రేకు తుప్పు పట్టకుండా కడగడం, మెరుగుపెట్టడం, మైనపు పూత వేయడం వంటి పనులు. రంగు కేవలం అలంకారం కాదు. ఉక్కు రేకుకు నీరు, గాలి తగలకుండా కాపాడే కవచం. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్, మారుతి 800 వంటి కార్లకు కర్మాగారంలో వేసిన రంగు ఒకసారి పోతే తిరిగి రాదు.

రంగు పొరలు

రేకుపై మొదట ప్రైమర్, దానిపై రంగు ఉంటాయి. చాలా పాత కార్లలో రంగు పొరే చివరిది. తరువాతి కాలపు కార్లలో రంగుపై క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. ఇటీవలి కార్లలో అన్ని పొరల మందం కలిపి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. అందులో క్లియర్ కోట్ సుమారు 40 మైక్రాన్లు.

తెల్లని గుడ్డకు కొద్దిగా పాలిష్ అద్ది, మరుగున ఉన్న చోట రుద్దినపుడు గుడ్డకు కారు రంగు అంటితే ఆ కారుకు క్లియర్ కోట్ లేదని గ్రహించవచ్చు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే రెసిన్‌ను క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. అపుడు వర్ణద్రవ్యపు రేణువులు వదులై, తాకితే సుద్దపొడి వలె చేతికి అంటుతాయి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పరిస్థితులు

ఈ ప్రాంతంలో వేసవి ఎండతో పాటు మరికొన్ని కారణాలు రంగును దెబ్బతీస్తాయి.

* గ్రానైటు దుమ్ము: ఇందులోని క్వార్ట్జ్ రేణువులు రంగు కంటే గట్టివి. పొడిగుడ్డతో తుడిస్తే సన్నని గీతలు పడతాయి.
* బోరునీరు: కఠినజలం ఎండలో ఆరినపుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి.
* చెట్ల నీడ: మామిడి పూతకాలంలో తేనెమంచు పురుగులు విసర్జించే జిగురు కార్లపై పడి, దానిపై నల్లని బూజు పెరుగుతుంది. పక్షుల రెట్టలు కూడా రంగును తింటాయి.
* ఘాట్ రోడ్డు: తిరుమల నుండి దిగేటపుడు బ్రేకుల నుండి రాలే ఇనుప రజను చక్రాలపైన, వాటి చుట్టుపక్కల రంగుపైన అంటుకొని తుప్పు చుక్కలవుతుంది.
* వాహన పూజ: పసుపు మరక ఎండకు వెలిసిపోతుంది. కాని రసాయన రంగులు కలిసిన కుంకుమ, పొడిబారిన రంగులోకి ఇంకితే తొలగించడం కష్టం. బొట్లను అద్దంపై పెట్టడం మేలు.

కడిగే పద్ధతి

కారును నీడలో, రేకు చల్లబడిన తరువాత కడగాలి. మొదట ధారగా నీరు పోసి దుమ్మును వదిలించాలి. షాంపూ నీటికి ఒక బకెట్టు, గుడ్డను జాడించడానికి మరొక బకెట్టు వాడాలి. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు మైనపు పూతను తొలగిస్తాయి. చివరగా నీటిని ఆరనీయక మెత్తని గుడ్డతో అద్దాలి. మెరుపు కోసం కొందరు కిరోసిన్ లేదా డీజిల్‌తో తుడుస్తారు. ఆ జిడ్డు దుమ్మును మరింత పట్టి ఉంచుతుంది.

మెరుగు, మైనం

పాలిష్, వాక్స్ ఒకటి కావు. పాలిష్ వెలిసిన పై పొరను అరగదీస్తుంది. వాక్స్ మిగిలిన పొరను కప్పి కాపాడుతుంది. అరగదీసిన రంగు తిరిగి రాదు కనుక ముందు అతి మెత్తని పాలిష్‌తో ప్రయత్నించాలి. అంచుల వద్ద రంగు పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ గట్టిగా రుద్దరాదు. పాత రంగులలో సీసం ఉండవచ్చు. గరుకు కాగితంతో పొడిగా రుద్ది ఆ దుమ్మును పీల్చడం ప్రమాదకరం.

వాక్సులలో ప్రసిద్ధమైన కార్నూబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి లభిస్తుంది. ఇది 80 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాతే కరుగుతుంది. దీనిని పలుచగా పూసి, ఆరిన తరువాత తుడవాలి. నీరు ముత్యాల వలె నిలవక పరచుకుంటే మళ్ళీ పూయవలసిన సమయం వచ్చినట్లు.

తుప్పు నివారణ

మైనం తుప్పును ఆపలేదు. రంగు ఉబ్బిన చోట తుప్పును పూర్తిగా తొలగించి, ప్రైమర్ పూసి, రంగు వేయాలి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే రేకు లోపలి నుండి తుప్పు పడుతుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినటువంటి వరదలలో ఈ రంధ్రాలలోకి ఒండ్రు చేరుతుంది. కనుక ఈశాన్య రుతుపవనాలకు ముందు, తరువాత వీటిని శుభ్రపరచాలి.

వింటేజ్ గుర్తింపు

2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. అంతకాలం రేకు నిలవాలంటే దానిపై రంగు నిలవాలి.