లోపలి కంప్యూటర్‌కు తెలుస్తదా?

తుంగభద్ర ఒడ్డున రాజోలిలో, పక్కింటి మగ్గం చప్పుడు వినిపించే గదిలో, పదో తరగతి పిల్లలకు లినక్స్ చూపిస్తున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీలే. కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ విండో తెరిస్తే మౌస్ కూడా కదలదు. అందుకే టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టాను: ‘వీబాక్స్‌మేనేజ్ స్టార్ట్‌వీఎం’, పక్కన మెషీన్ పేరు, చివర ‘--టైప్ హెడ్‌లెస్’, అంటే విండో లేకుండా. తెర మీద కొత్తగా ఏమీ రాలేదు. కాసేపాగి, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌తో పిలిస్తే లోపల్నుంచి పాస్‌వర్డ్ అడిగింది.

“సార్, ఇంకో కంప్యూటర్ లోపల ఉన్నానని దానికి తెలుస్తదా?” అంది ముందు బెంచీ అమ్మాయి.

ఎంత మంచి ప్రశ్న! లోపలి సిస్టమ్ ఆదేశాలు చాలావరకు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. ఇంటరప్టులు (పనిని మధ్యలో ఆపి ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) ఆపడంలాంటి, మెషీన్ మొత్తాన్ని తాకే ఆదేశం వస్తే మాత్రం ప్రాసెసర్ దాన్ని పట్టుకుని లోపలి మెషీన్లను నడిపే ప్రోగ్రామ్‌కు, అంటే హైపర్‌వైజర్‌కు అప్పగిస్తుంది. ఆ పని జరిగినట్టే హైపర్‌వైజర్ లెక్క సరిచేసి పంపేస్తుంది. అలాంటి ఆదేశాలన్నీ పట్టుబడేవైతే చాలు, ఈ ఏర్పాటు నిలుస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్తలు పోపెక్, గోల్డ్‌బర్గ్ 1974లోనే నిరూపించారు.

కానీ ఇంటెల్ పెంటియమ్‌లో అలా పట్టుబడని ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో తేల్చారు. వాటిలో ఇంటరప్టులను ఆపడానికి వాడే ‘పాప్ఎఫ్’ మరీ ప్రమాదకరం. కిరాయి ఇంట్లో మెయిన్ స్విచ్ దింపారనుకోండి. కరెంటు పోలేదు, దింపిన సంగతి యజమానికీ తెలియలేదు. దింపాననే నమ్మకంతో తీగ పట్టుకుంటే? లోపలి కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) గతి అదే. ఇంటరప్టులు ఆపాననుకుంటుంది, అవి ఆగవు.

దీనికి రెండు విరుగుళ్లు పుట్టాయి. వీఎంవేర్ లోపలి కెర్నల్ కోడ్‌ను నడిచే ముందే చదివి, మగ్గం మీద చెడ్డ పోగు తీసి మంచిది అతికినట్టు, ఆ ఆదేశాల స్థానంలో వేరేవి అతికింది. 2003లో కేంబ్రిడ్జ్‌వాళ్ల జెన్ మరో దారి పట్టింది. కెర్నల్‌నే మార్చి, “నువ్వు అతిథివి, కావలసింది నన్నడుగు” అని నేర్పింది. జెన్ వేగం గొప్పదే. కానీ విండోస్‌ను ముందుగా మార్చాల్సిన పనిలేకుండానే నడిపిన వీఎంవేర్ పనితనానికే నా ఓటు.

2005-06లో ఇంటెల్, ఏఎండీ ఆ లోటును చిప్‌లోనే సరిదిద్దాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నల్‌లో చేరింది. కేవీఎంలో వర్చువల్ మెషీన్ అంటే, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ‘టాప్’ జాబితాలో కనిపించే మామూలు ప్రాసెస్. 2022 నవంబరులో అమెజాన్, ఇలాంటి వర్చువల్ మెషీన్లను అద్దెకిచ్చే తన క్లౌడ్ కేంద్రాలను హైదరాబాద్‌లో తెరిచింది. రాజోలిలో ఒక లైను కొడితే అక్కడ మెషీన్ లేస్తుంది.

ఇక ఆ అమ్మాయికి జవాబు. ‘సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్’ అని లోపలి మెషీన్‌లో తననే కొట్టమన్నాను. ‘ఒరాకిల్’ అని వచ్చింది. వర్చువల్‌బాక్స్ ఇప్పుడు ఆ కంపెనీదే, లోపలి మెషీన్‌కు చూపే తయారీదారు వివరాల్లో తన జాడ దాచుకోదు. బయటి ల్యాప్‌టాప్‌లో అదే కొడితే ‘నన్’, అంటే ఏమీ లేదు. మీ దగ్గర లినక్స్ ఉంటే రెండుచోట్లా కొట్టి చూడండి.