గుడ్డ సంచి 131 సార్లు వాడాలి.. మరి మీ ఫోన్ ఎన్నేళ్లు?

జాబ్‌లో చేరిన రోజు వెల్‌కమ్ కిట్‌లో ఒక గుడ్డ సంచి ఇచ్చారు. తర్వాత హ్యాకథాన్‌లు, మీటప్‌లు.. ఇప్పుడు ఇంట్లో సంచులే ఆరు ఉన్నాయి. 'రీయూజబుల్' కదా, పర్యావరణానికి మంచిదే అనుకున్నా. కానీ లెక్క వేరేలా ఉంది.

బ్రేక్ ఈవెన్ ఎప్పుడు?

వాడి పారేసే వస్తువు తయారీలో కార్బన్ తక్కువ, కానీ ప్రతిసారీ కొత్తది కావాలి. రీయూజబుల్ వస్తువుకు మొదట్లోనే ఎక్కువ. ఆ తేడా వాడకంతోనే తీరాలి. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011 రిపోర్ట్ ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పలచని ప్లాస్టిక్ కవర్‌తో సమానం కావాలంటే పేపర్ బ్యాగ్ 3 సార్లు, కాటన్ బ్యాగ్ 131 సార్లు వాడాలి. వారానికోసారి కూరగాయలకు తీసుకెళ్తే రెండున్నరేళ్లు! అదే కవర్‌ని చెత్తబుట్టలో మళ్లీ వాడితే ఈ నంబర్ ఇంకా పెరుగుతుంది.

అలాగని ప్లాస్టిక్ బెటర్ అని కాదు. ఇది కార్బన్ లెక్క మాత్రమే. డ్రైనేజీలకు అడ్డుపడటం, ఆవుల కడుపులోకి వెళ్లడం ఇందులో లేవు.

సెల్స్ సంగతి

రీఛార్జబుల్ డబుల్ ఏ సెల్‌ని ఒకసారి ఛార్జ్ చేయడానికి సుమారు 4 వాట్ అవర్లు చాలు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఛార్జ్‌కి 3 గ్రాములే. గేమ్ కంట్రోలర్‌కి ఇవి బెస్ట్. ఏడాదికోసారి సెల్స్ మార్చే టీవీ రిమోట్‌లో పెడితే మాత్రం బ్రేక్ ఈవెన్‌కి చాలా ఏళ్లు పడుతుంది.

అసలు విషయం ఫోన్

యాపిల్ సొంత రిపోర్ట్ ప్రకారం ఐఫోన్ 14 మొత్తం కార్బన్ 61 కేజీలు. అందులో 79% తయారీదే, అంటే 48 కేజీలు. రోజూ ఫుల్ ఛార్జ్ చేసినా మన కరెంటుతో ఏడాదికి 4 కేజీలు దాటదు. రెండేళ్లకే మార్చేస్తే తయారీ వాటా ఏడాదికి 24 కేజీలు. నాలుగేళ్లు వాడితే 12.

నా ఫోన్‌కి మూడేళ్లు నిండాయి, బ్యాటరీ హెల్త్ 78%. కొత్తది కార్ట్‌లో పెట్టేశా కూడా. ఈ లెక్క వేశాక తీసేసి, బ్యాటరీ మార్పించుకున్నా. మళ్లీ రోజంతా వస్తోంది.

ఏడో సంచి ఎవరైనా ఫ్రీగా ఇస్తే వద్దనండి. ఉన్న ఆరింటిలో ఒకటి బండి డిక్కీలో పడేయండి. 131 అక్కడి నుంచే మొదలవుతుంది.