సూది కంటే ముందు స్కాన్

రాత్రిళ్లు నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేవాల్సి వస్తోందని నాన్న నాతో చెప్పడానికి ఏడాది పట్టింది. రక్తపరీక్ష చేయిస్తే పీఎస్‌ఏ 7.8. నాలుగు దాటితే అనుమానించాలని నెట్‌లో చదివి నాకు చెమటలు పట్టాయి.

"అప్పుడే క్యాన్సర్ అనుకోవద్దు. వయసుతో ప్రొస్టేట్ గ్రంథి పెరిగినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇది పెరుగుతుంది. ముందు ఎమ్మారై తీద్దాం" అన్నారు యూరాలజిస్టు.

ఇదివరకు పీఎస్‌ఏ ఎక్కువుంటే నేరుగా బయాప్సీయే. కణితి ఎక్కడుందో తెలియకుండానే పది, పన్నెండు చోట్ల సూదితో ముక్కలు తీసేవారు. ఒక్కోసారి అసలుది తప్పిపోయేది. క్యాన్సర్ కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి అక్కడ నీటి అణువుల కదలిక తగ్గుతుంది. ఎమ్మారై దాన్ని పట్టేస్తుంది. రేడియేషన్ ఉండదు. అనుమానం ఎంతో 1 నుంచి 5 వరకు పైరాడ్స్ స్కోరుగా చెబుతారు.

బ్రిటన్‌లో 576 మందిపై చేసిన ప్రోమిస్ అధ్యయనం 2017లో వెలువడింది. ముందే ఎమ్మారై తీస్తే సుమారు నలుగురిలో ఒకరికి బయాప్సీ తప్పించవచ్చని అందులో తేలింది. అలాగని స్కాన్‌కి అన్నీ దొరకవు. క్యాన్సర్ అని ఖాయం చేయాల్సింది బయాప్సీయే.

నాన్నకి స్కోరు 4 వచ్చింది. స్కాన్ చూపించిన చోటికే గురిపెట్టి ముక్క తీశారు. క్యాన్సరే. అదృష్టం, గ్రంథి దాటలేదు. చికిత్స మొదలైంది.

"ఇలాంటివి కొడుకుతో ఏం చెబుతాంలే అనుకున్నారా" అన్నారు నాన్న.

నేనూ ఎప్పుడూ అడగలేదు. మీ ఇంట్లో యాభై దాటిన నాన్న ఉంటే ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి.