ఆకాశమునుండి చెరువును చూచుట: అపోహలు, వాస్తవములు

గజపతినగరము పరిసరములందు చెరువుల మాట వచ్చినప్పుడెల్ల, ‘ఉపగ్రహము అంతయు కనిపెట్టుచునే యున్నది గదా, ఇక దాచుట యెట్లు?’ అనువారు కొందరు. ‘అంత యెత్తునుండి మన చెరువేమి కనబడును?’ అని పెదవి విరుచువారు మరికొందరు. ఇరువురి మాటయు సరికాదు.

ఈ పనికి వాడు ఉపగ్రహము ఒకచోట నిలిచి చూచునది కాదు. భూమిని చుట్టివచ్చు రిసోర్స్‌శాట్ నందలి లిస్-3 కెమెరా మన చంపావతీ తీరమును మరల చూచుటకు 24 దినములు పట్టును. అది పంపునదియు మనమెరిగిన ఛాయాచిత్రము కాదు, నేల ప్రతిఫలించిన వెలుగు కొలత. కంటికి గోచరింపని పరారుణ కిరణములను నీరు మ్రింగివేయును గనుక నల్లగను, పచ్చని యాకు తిరుగగొట్టును గనుక మెరయుచును కనబడును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. గుర్రపుడెక్క అల్లుకొనిన చెరువు ఆ చిత్రమునందు పైరువలె భాసించుటచే, ‘చెరువు పొలమైపోయినది’ అని తొందరపడి తేల్చువారు కలరు. గట్టుమీదికి పోయి చూడనిదే ఆ సందేహము తీరదు.

వైశాఖమున తీసిన యొక్క చిత్రమును చూపి ‘చెరువు చచ్చినది’ అనుటయు నట్టిదే. గెడ్డలు పారినప్పుడు నిండి, ఎండలకు అడుగంటుట మన వర్షాధారపు చెరువుల స్వభావము. అందుచేతనే అహమ్మదాబాదులోని ఇస్రో వారి స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, 2006-07 నాటి చిత్రములతో జాతీయ చిత్తడినేలల పటసంపుటిని కూర్చినప్పుడు, వానలకు ముందటి రూపమును, తరువాతి రూపమును వేర్వేరుగా గ్రహించినది. మార్పు తెలియవలెనన్న కార్తికమును కార్తికముతోనే పోల్చవలెను.

మబ్బు పట్టిన శ్రావణమున ఏమియు కనబడదనుట పాతకాలపు మాట. రాడార్ తన తరంగములను తానే పంపుకొనును. మేఘము వానికి అడ్డు కాదు, చీకటియు అడ్డు కాదు. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగిరిన రాడార్ ఉపగ్రహము నిసార్ 12 దినములకొకమారు ఒకే చోటికి మరలివచ్చును.

అన్నిటికంటె మోసపుచ్చు అపోహ, నీరు పెరిగిన చిత్తడినేల బాగుపడినదనుట. కొల్లేటిని చూడుడు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన యా సరస్సునందు చేపల చెరువులు వ్యాపించినప్పుడు, ఉపగ్రహచిత్రమున నల్లని నీటి వైశాల్యమునకు కొదువ లేదు. కాని యా నీరు గళ్లుగళ్లుగా, తిన్నని గట్లనడుమ నుండెను. సహజమైన సరస్సు అంచు అంత తిన్నగా నుండదు. నీటిని లెక్కించి ఊరకుండువాడు సంతసించును. గట్ల ఆకృతిని గమనించువాడు 2006లో వానిని కూల్చవలసివచ్చిన కారణమును గ్రహించును.

ఇక మన ఊళ్ల చిన్న బందల సంగతి. పైన చెప్పిన పటసంపుటి 2.25 హెక్టార్లకు, అనగా సుమారు అయిదున్నర యెకరములకు లోబడిన వానిని చుక్కలుగా మాత్రమే గుర్తించినది. అట్టివి దేశమున 5,55,557. చుక్కకు వైశాల్యము లేదు గనుక, నాలుగెకరముల బంద రెండెకరములైనను చుక్క చుక్కగానే యుండును. అంతమాత్రమున చిన్నవాని మార్పు ఎన్నటికిని తెలియదనుట పొరపాటు: లిస్-3 చిత్రమున ఎకరమునకు ఏడు గళ్లు (పిక్సెళ్లు) మాత్రమే రాగా, ఐరోపావారి సెంటినెల్-2 చిత్రమున నలుబది గళ్లు వచ్చును, ఆ చిత్రములు ఎవరికైనను ఉచితముగా లభించును.