వికలాంగులును మన గుమ్మములును

కచేరీ యనగా మెట్లుండవలయునను నమ్మకము మన పట్టణములలో బలముగా నాటుకొని యున్నది. పీఠ మెంత యెత్తైన భవనమున కంత గౌరవమని పెద్దల నాటినుండి వచ్చుచున్న భావము. వాననీరు లోపలికి రాకుండ పీఠమెత్తుటను మేము కాదనము. కాని మూడడుగుల యెత్తున నున్న కచేరీలోనికి చక్రాల కుర్చీపై వచ్చిన పౌరుడెట్లు ప్రవేశించును? ఇద్దరు బంట్రోతులు మోసికొని పోవలయును. లేదా గుమాస్తా దయదలచి కాగితములతో క్రిందికి దిగి రావలయును. పన్ను చెల్లించు పౌరునికి ఇది మర్యాద యగునా?

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలని తేలినది. వీరికొరకు 1995లోనే యొక చట్టము పుట్టినది. అయితే భవనములను, దారులను అందరికి అనువుగా నిర్మించు బాధ్యతను ఆ చట్టము 'ఆర్థిక స్తోమతకు లోబడి' యని ముడిపెట్టెను. ఆ యొక్క మాట చాటున ఇరువదియేండ్లు గడచిపోయినవి. ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007లో మన దేశము ఆమోదించిన పిమ్మట, 2016లో కొత్త చట్టము చేయబడి, 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పాత చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా నిది 21 విధములను గుర్తించినది. ఉద్యోగములలో వీరి భాగమును నూటికి 3 నుండి 4కు పెంచినది.

ఈ చట్టము ప్రభుత్వ భవనములకు మాత్రమే వర్తించునని మన చదువరులలో కొందరు తలంచుచుండవచ్చును. అట్లు కాదు. ప్రజలు వచ్చిపోవు ప్రైవేటు భవనములును దీని పరిధిలోనివే. అంగడియు, బ్యాంకును, సినిమాహాలును, దేవాలయమును, ఆసుపత్రియు అన్నియు చేరును. 44వ సెక్షను ప్రకారము, నియమములకు లోబడని ప్లానునకు అనుమతి యీయరాదు. కట్టిన తరువాత పూర్తియైనదను ధ్రువపత్రమును ఈయరాదు. పాత భవనములను సవరించుటకు నియమములు వెలువడిన నాటినుండి ఐదేండ్ల గడువిచ్చిరి. నియమములు 2017 జూనులో వెలువడెను. గడువు 2022 జూనులో తీరిపోయినది. ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 రూపాయల వరకును, పిమ్మట 50,000 నుండి 5 లక్షల వరకును జరిమానా గలదు.

మరి జరిగినదేమి? చట్టము 'నియమము' లనగా, 2017లో చేసిన 15వ నియమము సూచనలవంటి మార్గదర్శకములను మాత్రము చూపి యూరకుండెను. ఈ సంగతి తేలుటకు వ్యాజ్యము కావలసి వచ్చినది. చూపులేని రాజీవ్ రతూరి గారు 2005లో సుప్రీంకోర్టునకెక్కిరి. 2017లో కోర్టు ఆదేశము లిచ్చినను పని సాగలేదు. దేశమందలి స్థితిని పరిశీలించి నివేదిక నొసగు భారమును కోర్టు మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రమున కప్పగించెను. తెలుగు నేలకు గర్వింపదగిన విషయము. కడకు 2024 నవంబరు 8వ తేదీన కోర్టు ఆ 15వ నియమము చట్టవిరుద్ధమని కొట్టివేసి, తప్పక పాటింపవలసిన కనీస ప్రమాణములను మూడు నెలలలో విడిగా నిర్ణయింపుడని కేంద్రము నాజ్ఞాపించెను. ధ్రువపత్రములు నిలుపుటయు జరిమానాలును కాగితముమీద నుండిపోరాదని కూడ చెప్పెను. వ్యాజ్యము వేసిన నాటికి పుట్టిన బిడ్డ ఈ తీర్పు నాటికి వోటరైనాడు!

ర్యాంపు వేసితిమి గదా యని కొందరందురు. మేము చూచిన ర్యాంపులలో కొన్ని సామానుల బండ్లు ఎక్కించుటకు పనికివచ్చును గాని మనుష్యులకు కాదు. అడుగు యెత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలయునని ప్రమాణము. మూడడుగుల పీఠమునకు ముప్పదియారడుగులు కావలయును; నడుమ విశ్రాంతికి చదునైన చోటు, ప్రక్కల చేపట్టు కమ్మీలు ఉండవలయును. ఇల్లు కట్టకమునుపే ప్లానులో నిది గీచిన అధిక వ్యయము స్వల్పము. కట్టిన పిమ్మట తగిలింపబోయినచో స్థలము చాలదు. అప్పుడు గోడవలె నిటారుగా నొక పలక పోసి సరిపెట్టుదురు. ప్రమాణము వాలునకే కాదు. అంధునికి లిఫ్టులో అంతస్తు చెప్పు ధ్వని కావలయును, వినికిడి లేనివానికి సైగభాష తెలిసినవాడు కావలయును. బ్యాంకు ఖాతాకు కన్ను ఆర్ప మను ఫోను పరీక్షలో అంధులును ఆమ్లదాడి బాధితులును తప్పిపోవుచుండగా, 2025 ఏప్రిలు 30న సుప్రీంకోర్టు దానిని కూడ సరిదిద్దుమనెను.

పింఛనుల విషయమున మన ప్రభుత్వములు ఉదారముగానే యున్నవి. తెలంగాణమున 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశమున 2024లో 6,000 రూపాయలకు పెంచిరి. మంచిదే. పేరు కూడ మార్చిరి: వికలాంగులని యొకరు, దివ్యాంగులని యొకరు, విభిన్న ప్రతిభావంతులని యింకొకరు. పేరు మారిన కొలది మెట్లు తగ్గుచున్నచో మేమును సంతోషింతుము. పింఛను మనుష్యుని ఇంట కూర్చుండబెట్టి పోషించును. ఈ చట్టము అతనిని వీధిలోనికి, బడిలోనికి, కచేరీలోనికి రానిమ్మని కోరుచున్నది. మొదటిది దానము, రెండవది హక్కు. మనవారికి దానము రుచించినంతగా హక్కు రుచింపదు.

పురపాలక సంఘములలో సభ్యులైనవారు, కల్యాణమండపములు కట్టించు ధనికులు, ఆలయముల ధర్మకర్తలు మా చదువరులలో పలువురు గలరు. మీ యెదుటికి ప్లాను వచ్చినప్పుడు, సంతకమునకు ముందు, ముఖద్వారమునకు వాలుదారి యెక్కడ గీచిరో వ్రేలు పెట్టి చూపుమని ఇంజనీరు నడుగుడు.