ఎక్స్‌రే తీశాక తెలిసింది!

"అత్తయ్యా, నువ్వొకసారి రావాలి" అంటూ మా ఆడపడుచు కూతురు ఫోన్లో ఏడుస్తుంటే నా గుండె గుభేలుమంది. పెళ్లయిన మూడేళ్లకి నెల తప్పిందని వారం క్రితమే విని సంతోషించాం. ఇంతలో ఈ ఏడుపేమిటి?

సంగతేమిటంటే, మూడు వారాలైనా దగ్గు తగ్గలేదని డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాశాడు. తీయించుకుంది. ఆ తర్వాత పది రోజులకి గానీ తాను కడుపుతో ఉన్నట్టు తెలియలేదు. గర్భిణులు ముందే చెప్పాలని ఎక్స్‌రే గది తలుపు మీద బోర్డు ఉందట. తనకే తెలియనిది ఏం చెబుతుంది పాపం! ఇంట్లో తలా ఓ మాటా అన్నారు. "ఏ అవకరంతోనో పుడితే జన్మంతా చాకిరీ. ఇప్పుడే తీయించేసుకుంటే పోలా" అన్నారు అత్తగారు. నిజం చెప్పొద్దూ, లోపల నాకూ అదే అనిపించింది. పైకి అనలేదంతే.

మర్నాడు ఇద్దరం గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆవిడ కంగారు పడకుండా మూడే అడిగింది: ఆఖరిసారి బయట చేరిన తేదీ, ఎక్స్‌రే ఏ భాగానికి, ఎన్ని ఫిల్ములు. విన్నాక, "దీనికా తీయించుకుంటానంటున్నావు?" అంది.

కిరణాలు పడింది ఛాతీ మీద. గర్భసంచి దాకా చేరేది చెదిరిన కాస్తే. దాన్ని మిల్లీ గ్రేలలో కొలుస్తారట. ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకి చేరేది ఒక మిల్లీ గ్రేలో నూరో వంతుకి మించదు. నేల నుంచీ ఆకాశం నుంచీ సహజంగా వచ్చే రేడియేషనే తొమ్మిది నెలల్లో దాదాపు ఒక మిల్లీ గ్రే ఉంటుంది! 50 మిల్లీ గ్రేల లోపు అవకరాలు పెరిగినట్టు కనబడలేదు. పొట్టకి ఒకసారి సీటీ స్కాన్ తీసినా మామూలుగా ఆ లోపే.

"అయితే ఎన్ని తీయించుకున్నా ఫర్వాలేదా?" అన్నాను. అలా కాదట. ఇంటికొచ్చి నేనూ కొంత చదివాను. ఒకప్పుడు ఇంగ్లాండులో గర్భిణుల పొట్టకి ఎక్స్‌రే తీయడం మామూలే. క్యాన్సర్‌తో పోయిన పిల్లల తల్లుల్ని ప్రశ్నలడిగి, ఆ ఎక్స్‌రేల వైపు 1956లో వేలెత్తి చూపింది ఆలిస్ స్టువార్ట్ అనే డాక్టరు. చాలా ఏళ్లు ఆమె మాట నమ్మనివాళ్లే ఎక్కువ. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ శబ్ద తరంగాలతో కడుపులో శిశువుని చూపించాడు. లోహాల్లో పగుళ్లు పట్టే యంత్రంతో మొదలైన పని అది! మన స్కానింగు అదే. అందులో రేడియేషన్ లేదు. ఎమ్మారైలోనూ లేదు, గాడోలినియం ఇంజెక్షన్ మాత్రం తప్పనిసరైతే తప్ప గర్భిణులకి ఇవ్వరు.

అవసరమైన ఎక్స్‌రేని భయపడి మానుకోవడమూ తప్పే. ఆ దగ్గు టీబీ అయ్యుంటే? తల్లికీ బిడ్డకీ ముప్పు దానితోనే. అదృష్టం, కాదు.

మొన్న అయిదో నెల టిఫా స్కాన్‌కి అత్తగారు కూడా వచ్చారు. "పిల్లాడా, పిల్లా?" అన్నారు ఉండబట్టలేక. రేడియాలజిస్టు గోడ మీది బోర్డు చూపించాడు. 1994 చట్టం ప్రకారం చెప్పకూడదు.

"పోనీ, కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయమ్మా. ఇదిగో, గుండె చూడండి."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగారు.