ఎండాకాలం బండికి పొట్టి బూట్లు

మాది తలుపుల. కదిరి నుంచి పులివెందుల పోయే దారిలో వస్తుంది. మా సైడు చెప్పుల్ని మెట్లు అంటాం. ఫస్టియర్‌లో మా రూమ్మేట్‌ని "నా మెట్లు యాడ పెట్టినావ్ రా?" అని అడిగితే, గుంటూరు పిల్లోడు పాపం, హాస్టల్ మెట్ల వైపు చూసినాడు. ఇప్పుడు నేను రాసేది ఆ మెట్ల గురించే. అవి వేసుకుని బండెక్కే మన అందరి గురించి కూడా.

పోయిన ఏప్రిల్‌లో మా మామ స్ప్లెండర్ తీసుకుని కదిరికి బయల్దేరాను. నెత్తిన హెల్మెట్, కాళ్లకు మెట్లు. ఊరు దాటాక ఒక మలుపులో మేకలు అడ్డమొచ్చాయి. స్పీడు ఇరవై కూడా లేదు. బ్రేక్ పట్టాను, రోడ్డు మీద ఇసుక ఉంది, బండి ఎడమ పక్కకు ఒరిగింది. ఎడమ మెట్టు ఎటు ఎగిరిపోయిందో తెలీదు. పాదం మాత్రం బండి కింద ఉండిపోయింది. చీలమండ దగ్గర తోలు లేచిపోయి, లోపల బెణికి, మూడు వారాలు కుంటాను. ఇంటర్నల్స్‌కి కూడా అట్లే పోయినా. మా జేజి ఒకటే మాట అనింది: "నెత్తికి కుండ పెట్టుకున్నావ్ సరే, కాళ్లు ఎవరివనుకున్నావ్ రా?"

నిజమే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమంటుంది. కాళ్ల సంగతి అందులో లేదు. అది మనమే చూసుకోవాలి.

"ఈ ఎండలో బూట్లా?"

అందరూ అడిగే ప్రశ్న ఇదే. మన అనంతపురం వైపు ఎండ గురించి చెప్పక్కర్లేదు కదా. కానీ హీట్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో నిద్రపోని వాళ్లు ఒకసారి ఆలోచించండి. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. బయట గాలి 41 ఉంటే, బండి మీద పోయేటప్పుడు తగిలే గాలి వేడిని తీసుకుపోదు, తెచ్చి ఇస్తుంది. మనల్ని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. దానికి తోడు ఇంజిన్ వేడి, సైలెన్సర్ వేడి, కింద నుంచి తారు రోడ్డు సెగ. ఇవన్నీ ముందు తగిలేది పాదానికే. అంటే వడగాలిలో ఉత్త కాలు చల్లగా ఉంటుందనేది సగం భ్రమ. పొలంలో మన పెద్దోళ్లు ఎండకు తలకు తువాలు చుట్టుకునేది ఎందుకో, కాలికి గాలాడే బూటు వేసుకోవాల్సిందీ అందుకే.

ఇక్కడ "గాలాడే" అన్న మాట ముఖ్యం. మోకాలి దాకా వచ్చే రేసింగ్ బూట్లు మన ఊర్లో వేసుకుంటే సాయంత్రానికి కాళ్లు ఉడికిపోతాయి. రెండు రోజులు వేసుకుని అటక మీద పడేస్తాం. అటక మీద ఉన్న బూటు ఎవరినీ కాపాడదు. అందుకే పొట్టి బూట్లు, అంటే చీలమండ దాటి రెండు మూడు వేళ్ల ఎత్తు వరకు వచ్చేవి, మనకు సరిపోతాయి.

కొనేముందు ఏం చూడాలి?

మొదటిది చీలమండ. రెండు పక్కలా పొడుచుకుని ఉండే ఎముకల్ని బూటు పూర్తిగా కప్పాలి. ఆ చోట లోపల గట్టి కప్పులాంటిది ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. మామూలు స్పోర్ట్స్ షూ ఇక్కడే ఫెయిల్. అది చీలమండ కిందే ఆగిపోతుంది, జారి పడితే ఊడిపోతుంది కూడా.

రెండోది అడుగు. బూటును రెండు చేతులతో పట్టుకుని బట్ట పిండినట్టు తిప్పండి. సులభంగా మెలిక పడితే వద్దు. పక్కల నుంచి నొక్కినా అడుగు ముడుచుకోకూడదు. ఖాళీ స్ప్లెండరే సుమారు 112 కిలోలు, క్లాసిక్ 350 అయితే 195. అందులో కొంత బరువైనా పాదం మీద పడితే ఆపాల్సింది ఈ గట్టి అడుగే.

మూడోది గాలి. తోలుకు సన్నటి చిల్లులు గానీ, మధ్యమధ్యలో జాలీ గుడ్డ గానీ ఉండాలి. జాలీ నాలుక మీద, పైభాగంలో ఉంటే పర్లేదు. వేళ్ల దగ్గర, మడమ దగ్గర, చీలమండ దగ్గర మాత్రం తోలే ఉండాలి, ఎందుకంటే రోడ్డుకు రాసుకునేవి అవే. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే ఆశపడకండి. నీళ్లు లోపలికి రానివ్వని పొర చెమటను కూడా అంత తొందరగా బయటికి పోనివ్వదు. మనకు వాన కంటే ఎండ రోజులే ఎక్కువ.

నాలుగోది లేసులు. వేలాడే లేసు ముడి గేర్ లివర్‌కో, ఫుట్‌రెస్ట్‌కో తగులుకుంటే ఆగినప్పుడు కాలు కిందికి రాదు, నిలబడిన చోటే పడతాం. పక్కన జిప్పు, పైన పట్టీ ఉంటే మంచిది. లేసులే ఉంటే చివరలు లోపలికి దోపేయండి.

ఐదోది మీ బండి. స్ప్లెండర్‌లో గేర్ పెంచాలంటే ముందు తొక్కుతాం, తగ్గించాలంటే మడమతో తొక్కుతాం. బూటు ముక్కు మందంగా ఉన్నా ఇబ్బంది లేదు. వెనక తొక్కుడు లేని స్పోర్ట్స్ బండికి మాత్రం లివర్ కింద వేళ్లు దూర్చి పైకి ఎత్తాలి. ముక్కు లావుగా ఉంటే అది దూరదు. వీలైతే బూటు వేసుకుని బండి మీద కూర్చుని చూశాకే డబ్బులివ్వండి.

లేబుల్ చదవడం

యూరప్‌లో బైక్ బూట్లకు ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. అది పాసైన బూటు లేబుల్ మీద బైక్ బొమ్మ, దానితో నాలుగు అంకెలు ఉంటాయి. ఒక్కోటి 1 గానీ 2 గానీ. వరుసగా ఎత్తు, రోడ్డు రాపిడికి ఆగడం, కోతకు ఆగడం, పక్కల నుంచి నలగకుండా ఉండటం. పొట్టి బూటుకు మొదటి అంకె 1 వస్తుంది, దానికి బాధపడొద్దు. మిగతా మూడు చూడండి, ముఖ్యంగా చివరిది. ఐపీఏ అనే అక్షరాలు కూడా ఉంటే చీలమండ రక్షణకు వేరే పరీక్ష పాసైనట్టు.

డబ్బులు లేవు మామా!

తెలుసు. మెస్ బిల్లే బాకీ ఉంటుంది. మరి మన వర్క్‌షాప్ షూ సంగతేంటి? ఐఎస్ 15298 గుర్తు ఉన్న సేఫ్టీ షూలో ముక్కు దగ్గర 200 జౌళ్ల దెబ్బకు ఆగే టోపీ ఉంటుంది. అంటే 20 కిలోల బరువు ఒక మీటరు పైనుంచి పడినంత. అడుగు కూడా గట్టిదే. చీలమండ దాటి ఎత్తుగా ఉండే రకం తీసుకోండి. ఇది బైక్ బూటుకు సమానం కాదు. చీలమండ దగ్గర గట్టి కప్పు ఉండదు, గాలి తక్కువ, ముక్కు లావు. కానీ మెట్లతో పోలిస్తే ఎంతో నయం.

రెండు చిన్న మాటలు. బూట్లు సాయంత్రం కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయిందే ఎండలో కూడా సరిపోతుంది. సాక్సులు ఉత్త కాటన్‌వి వద్దు, చెమట పీల్చి తడిగానే ఉంటాయి. తొందరగా ఆరే రకం కొనండి. హాస్టల్‌కి రాగానే బూటు నోరు తెరిచి నీడలో ఆరబెట్టండి. లేకపోతే రూమ్మేట్ మిమ్మల్నే బయట ఆరబెడతాడు.

ఈ ఎండాకాలం సెలవుల్లో తిమ్మమ్మ మర్రిమానుకో, లేపాక్షికో, పెనుకొండ కోటకో బండ్లు తీస్తారని తెలుసు. పోండి. ఫోటోలు పెట్టండి. నేనూ వస్తా, చీలమండ దాకా బూట్లేసుకుని. మెట్లు బ్యాగులో ఉంటాయి, దిగినాక వేసుకోవడానికి.